సరిహద్దున గాయపడినవాని న్యాయము: బళ్లారి ప్రాంతపు వ్యవహారములపై ఒక పరిశీలన

1. పూర్వరంగము

బళ్లారి జిల్లా చరిత్రము నెఱిగినవారికి రాష్ట్రముల సరిహద్దు ఎంత ఇటీవలి గీతయో వేరుగా చెప్ప నక్కరలేదు. 1800వ సంవత్సరమున నిజాము కుంఫిణీవారికి వదలుకొనిన దత్తమండలములలో ఈ ప్రాంతము చేరియుండెను. థామస్ మన్రో 1807 వరకు ఆ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. 1882లో అనంతపురము జిల్లా బళ్లారినుండి వేరుపడినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కినవి మైసూరు రాష్ట్రమునకును చేరినవి. బళ్లారి తాలూకా విషయము జస్టిస్ ఎల్. ఎస్. మిశ్రా విచారణకు అప్పగింపబడి, ఆయన నివేదిక పిమ్మట అదియు మైసూరునకే దక్కినది. 1955లో రాష్ట్ర పునర్విభజన సంఘము బళ్లారి, హోసపేట, శిరుగుప్ప తాలూకాలను ఆంధ్రమునకు చేర్చవలెనని సూచించినను, ఆ సూచన 1956లో అమలునకు రాలేదు.

ఆ వివాదమును తిరిగి తోడుట ఈ వ్యాసకర్త ఉద్దేశము కాదు. గీత పటముమీద పడినది గాని మనుష్యుల నడకమీద పడలేదనుటయే ఇచ్చట ప్రస్తుతము. నేటికిని ఆలూరునకు కర్నూలుకంటె బళ్లారియే దగ్గర. రాయదుర్గమునకు అనంతపురముకంటె బళ్లారియే దగ్గర. వానలు తప్పిన యేట ఆదోని, ఆలూరు ప్రాంతములవారు కుటుంబములతో ఊళ్లు విడిచి పనులకు పోవుదురు. దీనిని వారు ‘సుగ్గికి పోవుట’ యందురు. ఆ మాటయే కన్నడమున కోతకాలమునకు పేరు. కొందఱు తుంగభద్ర ఆయకట్టులోని వరిమళ్లకు, కొందఱు సండూరు, హోసపేట ప్రాంతపు ఇనుప గనులకు, కర్మాగారములకు, కొందఱు కట్టడపు పనులకు పోవుదురు.

ఇట్లు పోయినవాడు గీత కావల గాయపడినయెడల, లేక మరణించినయెడల, అతని హక్కులలో ఏవి అతనితోకూడ సరిహద్దు దాటును? ఏవి దాటవు? సరిహద్దు ప్రాంతపు వకీలు నిత్యము ఎదుర్కొను ప్రశ్న యిదియే. దీనికి సమాధానము తెలియకపోవుటచేతనే కుటుంబములు పెక్కు తమకు రావలసిన ధనమును పోగొట్టుకొనుచున్నవి. కావున ఆ సమాధానమును సులభముగా వివరించుటకు ఇందు ప్రయత్నింపబడినది.

2. దావా ఎచ్చట వేయవలెను?

సామాన్యుల యందు బలముగా నాటుకొనిన భ్రమ యొకటి కలదు. ప్రమాదము కర్ణాటకమున జరిగినది గావున కర్ణాటకముననే వ్యవహరింపవలెననియు, ఆ యూరిలో తమకు ఎవరును లేరు గావున ఊరకుండుటయే మేలనియు తలంతురు. ఈ తలంపు పొరపాటు.

1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రకారము, హక్కుదారుడు తన దరఖాస్తును ప్రమాదము జరిగిన ప్రాంతపు ట్రిబ్యునలునందు గాని, తాను నివసించు లేక వృత్తి జరుపుకొను ప్రాంతపు ట్రిబ్యునలునందు గాని, ప్రతివాది నివసించు ప్రాంతమున గాని దాఖలు చేయవచ్చును. భీమా కంపెనీకి కార్యాలయమున్న చోట వేసిన దరఖాస్తును కేవలము అధికారపరిధి లేదను కారణమున కొట్టివేయరాదని 2016లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. పనిచోట కలిగిన గాయముల విషయమునను ఇట్టి సౌకర్యమే కలదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహారపు చట్టమునకు 1995లో జరిగిన సవరణ, హక్కుదారుడు సాధారణముగా నివసించు చోటనే కమీషనరు ఎదుట దరఖాస్తు చేసికొనుటకు వీలు కల్పించినది. ఆ చట్టము 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో లీనమై, 2025 నవంబరు 21వ తేదీనుండి ఆ స్మృతియే అమలునం దున్నది. మూలసూత్రములు మాత్రము చాలవరకు మారలేదు.

కావున హోసపేట దారిలో మరణించినవాని భార్య ఆలూరు తాలూకాలోని తన యూరనుండి కర్నూలు జిల్లాలోనే దావా వేయవచ్చును. అయినను ఈ యెన్నిక ఊరక వచ్చునది కాదు. సాక్షులు, పోలీసు కాగితములు, చికిత్స చేసిన వైద్యుడు గీత కావల నుందురు. అభియోగపత్రము, పంచనామా కన్నడమున నుండును. వానికి అనువాదము జతపరుపవలెను. అప్పీలు మార్గమును వేఱగును. బళ్లారి తీర్పుమీది అప్పీలు ధార్వాడలోని ఉన్నత న్యాయస్థానపు పీఠమునకు పోవును; కర్నూలు తీర్పుమీదిది అమరావతికి పోవును. ఇంటి చేరువ, సాక్ష్యపు చేరువ అను రెండింటిని తూచి నిర్ణయించుటయే వకీలు చేయవలసిన మొదటి పని. ఒకే ప్రమాదమునందు గాయపడినవారు వేర్వేరు రాష్ట్రములలో దరఖాస్తులు వేసినచో, మొదటి దరఖాస్తు పడిన ట్రిబ్యునలే అన్నింటిని విచారింపవలెనని 2022 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము నిర్దేశించినది.

పోలీసువారికి సమాచార మిచ్చుటయందును ఇప్పుడు సరిహద్దు అడ్డు కాదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారము నమోదు చేయించుకొనవచ్చును. దీనినే వాడుకలో ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ అనుచున్నారు. పిమ్మట ఆ కాగితము పరిధిగల ఠాణాకు చేరును.

3. రెండు మార్గములు, రెండు లెక్కలు

ఒక ఉదాహరణమును గ్రహింతము. ముప్పది యేండ్ల వాడొకడు నెలకు 15,000 రూపాయల కూలికి ఖనిజము మోయు లారీపై పని చేయుచుండెను. యజమాని పనిమీద పోవుచుండగా మఱియొక లారీ అజాగ్రత్తగా వచ్చి తాకుటచే మరణించెను. అతనికి భార్య, ఇద్దఱు పిల్లలు, తల్లి కలరు.

మొదటి మార్గము కార్మిక నష్టపరిహారము. ఇందు ఎవరి తప్పును రుజువు చేయ నక్కరలేదు. గాయము పనివలనను, పని నడుచుచుండగను కలిగినదని చూపిన చాలును. మరణమునకు నెలకూలిలో సగమును వయస్సునుబట్టి పట్టికలో నిచ్చిన అంకెచే గుణింతురు. ముప్పది యేండ్లకు ఆ అంకె 207.98. కావున 7,500ను 207.98చే గుణింపగా 15,59,850 రూపాయలగును. శాశ్వతముగా పనికి పూర్తిగా పనికిరాకుండ పోయినవానికి సగమునకు మారుగా నూటికి 60 వంతులు గ్రహింతురు.

రెండవ మార్గము మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు. ఇచ్చట రెండవ లారీ డ్రైవరు అజాగ్రత్తను రుజువు చేయవలెను. 2009, 2017 సంవత్సరముల సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులు లెక్కను స్థిరపఱచినవి. సంవత్సరాదాయము 1,80,000 రూపాయలు. నలుబదియేండ్లలోపు వాడగుటచే భవిష్యత్తున పెరుగు ఆదాయమునకై నూటికి 40 చేర్పగా 2,52,000. నలుగురు ఆశ్రితులున్నందున సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయగా 1,89,000. దీనిని ఆ వయస్సునకు చెల్లు 17చే గుణింపగా 32,13,000 రూపాయలు. అంత్యక్రియలు మొదలగువానికి ఇచ్చు మొత్తములు దీనికి అదనము.

రెండు మార్గములకు వర్తించు సందర్భములలో హక్కుదారుడు ఒకదానిని మాత్రమే ఎన్నుకొనవలెనని మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. తప్పు రుజువగు నమ్మకమున్నచో రెండవది లాభము. సాక్షులు లేనిచో మొదటిది క్షేమము. తెలియక మొదటి కాగితముమీద వ్రేలిముద్ర వేసిన కుటుంబము రెండవ మార్గమును శాశ్వతముగా మూసికొనును. మఱియు ఇ.ఎస్.ఐ. క్రింద చేర్పబడిన కార్మికుడు తన పనిగాయమునకు ఆ సంస్థనుండియే లాభము పొందవలెను గాని యజమానినుండి వేఱుగా కార్మిక నష్టపరిహారము కోరరాదు.

మరణము కాక అంగవైకల్యము కలిగినప్పుడు వేఱొక చిక్కు కలదు. వైద్యుడు చేయికి నూటికి ఇన్నిపాళ్లు నష్టమని వ్రాయును. న్యాయస్థానము చూడవలసినది ఆ చేతితో సంపాదింపగల శక్తి యెంత పోయినదని. ఎడమచేయి పోగొట్టుకొనిన యొక వడ్రంగి ఇక వడ్రంగము చేయజాలడు గావున అతని నష్టము సంపూర్ణమేయని 1975లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. వైద్యుని అంకె వేఱు, సంపాదన నష్టపు అంకె వేఱు అని 2010లో మరల స్పష్టపఱచినది. రాయి పగులగొట్టువాని మణికట్టు, గుమాస్తా మణికట్టు వైద్యునికి ఒకటే. చట్టమునకు ఒకటి కాదు.

4. ట్రాక్టరు ట్రాలీ ప్రయాణము

సరిహద్దు పల్లెలలో కూలీలు పనికి పోవునది తఱచుగా ట్రాక్టరు ట్రాలీలోనో, సరకు లారీపైనో. ఇందొక పెద్ద ప్రమాదము దాగియున్నది. అది దారిలోని ప్రమాదము కాదు, భీమా కాగితములోని ప్రమాదము. సరకుల వాహనమున ఊరక ఎక్కి ప్రయాణించువారికి భీమా కంపెనీ బాధ్యత వహింపదని 2002 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. సరకు యజమాని, అతని ప్రతినిధి యైనచో వేఱు విషయము. అట్లుగాని కూలికి ట్రిబ్యునలు లక్షలు ప్రకటించినను, చెల్లింపవలసినవాడు ట్రాక్టరు యజమానియే యగును. అతని వద్ద ఆ ట్రాక్టరు తప్ప మఱేమియు లేకపోవచ్చును. కొన్ని వ్యవహారములలో కంపెనీ ముందు చెల్లించి, పిదప యజమానినుండి రాబట్టుకొనవలెనని ఆజ్ఞాపించిరి. కాని అది హక్కు కాదు, న్యాయస్థానపు విచక్షణ. కావున ఆ కూలి యజమాని పనిమీదనే ప్రయాణించుచుండెనా, అతనికి కార్మిక నష్టపరిహారపు మార్గము కలదా యని వకీలు మొదటనే విచారింపవలెను. ఇంటినుండి పనికి పోవు, పనినుండి ఇంటికి వచ్చు త్రోవలోని ప్రమాదమునకును పనికిని తగిన సంబంధము కనబడినచో, దానిని పనివలన కలిగినదిగానే గ్రహింపవలెనని నూతన స్మృతి చెప్పుచున్నది. ట్రాలీలో పోవువారికి ఇది చిన్న సహాయము కాదు.

5. మేస్త్రీ కాగితము

ప్రమాదము జరిగిన మరునాడు మేస్త్రీ కొంత రొక్కముతోను, ఒక కాగితముతోను వచ్చును. ‘మాకు ముట్టినది, ఇక ఏ హక్కును లేదు’ అని అందు వ్రాసియుండును. దుఃఖమున నున్న కుటుంబము ఒప్పుకొనును. చట్టపు దృష్టిలో ఈ కాగితము చెల్లదు. పరిహారపు హక్కును వదలుకొను, లేక తగ్గించుకొను ఒడంబడిక నిరర్థకమని 1923 నాటి చట్టమే చెప్పినది. మరణ వ్యవహారములయందు పరిహారమును అధికారి వద్దనే డిపాజిటు చేయవలెను. బంధువుల చేతికి నేరుగా నిచ్చిన ధనము పరిహారము చెల్లించినట్లు కాదు. యజమాని ఆశ్రితున కిచ్చిన కొద్దిపాటి బయానాను మాత్రము, చట్టము నిర్ణయించిన మేరకు, తుది మొత్తమున తగ్గించుట కలదు.

మేస్త్రీ పేదవాడని, అతని వద్ద రాబట్టుకొనుట అసాధ్యమని దిగులుపడ నక్కరలేదు. తన వ్యాపారములో భాగమైన పనిని కంట్రాక్టరుచేత చేయించుకొనిన అసలు యజమాని కూడ పరిహారమునకు బాధ్యుడు. అతడు పిదప కంట్రాక్టరునుండి రాబట్టుకొనవచ్చును. కావున గని యజమానిని, కర్మాగారమును ప్రతివాదులుగా చేర్చుట మఱువరాదు. పేరోలు, హాజరుచీటి లేనిచో తోటి కూలీల వాఙ్మూలము, బ్యాంకుఖాతాలో పడిన కూలి, ఫోనులో మేస్త్రీ పంపిన సందేశము సైతము సాక్ష్యమగును.

గడువు విషయమున జాగ్రత్త అవసరము. 1923 చట్టమున రెండు సంవత్సరముల గడువు కలదు. తగిన కారణము చూపిన ఆలస్యము క్షమింపబడెడిది. మోటారు ప్రమాదములకు 2022 ఏప్రిలు 1 నుండి ఆరునెలల గడువు విధింపబడినది. దీని చెల్లుబాటు సర్వోన్నత న్యాయస్థానమున ప్రశ్నింపబడినను, ఆ వివాదమును నమ్ముకొని కూర్చుండుట తగదు. కర్మాంతరములు ముగియుటతోడనే వకీలును కలిసికొనుట మేలు. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి ఏడుదినముల లోపల లక్షన్నర రూపాయల వరకు రొక్కము లేని చికిత్స చేయు కేంద్ర పథకము 2025 మేనెలలో ప్రకటింపబడినది. అదియు రాష్ట్రమునుబట్టి మారునది కాదు.

6. వలస కూలిని గూర్చిన శాసనము

దేశాంతరము పోవువానికి పాసుపోర్టు కావలెను, వీసా కావలెను. రాష్ట్రాంతరము పోవువానికి ఏ యనుమతియు నక్కరలేదు. దేశమున నెచ్చటనైన సంచరించుటకు, నివసించుటకు రాజ్యాంగపు 19వ అధికరణము స్వేచ్ఛ నిచ్చినది. అయినను పోయినచోట వాని రక్షణకై వేఱు శాసనము కావలసివచ్చినది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము కంట్రాక్టరునకు లైసెన్సును, కార్మికునకు స్థానభ్రంశ భత్యమును, ప్రయాణభత్యమును విధించినది. మరణము గాని, తీవ్రగాయము గాని సంభవించినచో కంట్రాక్టరు రెండు రాష్ట్రముల అధికారులకును, సమీప బంధువులకును తెలియజేయవలెనని అది ఆజ్ఞాపించినది. సరిహద్దున మరణించినవాని వార్త ఇంటికి చేరకపోవుట యెంత సామాన్యమో ఈ నిబంధనయే చాటుచున్నది.

ఆ చట్టము కంట్రాక్టరు ద్వారా వచ్చినవానికే వర్తించెడిది. సుగ్గికి పోవువారిలో తమంతట తామే పోవువారు పెక్కుమంది. 2025 నవంబరు 21నుండి అమలునకు వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి, నిర్ణీత వేతన పరిమితికి లోబడి, స్వయముగా వచ్చి పనిలో చేరినవానిని సైతము వలస కార్మికునిగా గుర్తించినది. ఇది మేలైన మార్పు. అమలు పరచుట అధికారుల వంతు.

7. సరిహద్దు దాటని పత్రములు

ఇంతవరకు చెప్పిన హక్కులన్నియు మనుష్యునితో నడచునవి. రేషను కార్డు కూడ ఇప్పుడు నడచుచున్నది. ‘ఒకే దేశము, ఒకే రేషను కార్డు’ విధానమున ఆంధ్రప్రదేశము, కర్ణాటకము 2020లోనే చేరినవి. కాని కొన్ని పత్రములు గీతయొద్దనే ఆగిపోవును. వానిలో ముఖ్యమైనది కులధ్రువీకరణ పత్రము.

రాజ్యాంగపు 341, 342 అధికరణములు కులములను, తెగలను ‘ఆ రాష్ట్రమునకు సంబంధించి’ పేర్కొనుచున్నవి. 1990లో బొంబాయి వైద్యకళాశాల ప్రవేశమును గూర్చిన వ్యవహారమున సర్వోన్నత న్యాయస్థానము, ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు తెగవాడైనవాడు మహారాష్ట్రమునకు వచ్చి ఆ హోదాను అచ్చట కోరజాలడని తీర్పు చెప్పినది. మన ప్రాంతమున దీని ఫలము స్పష్టముగా కనబడును. కర్ణాటకమున నాయక వర్గముతోకూడ బేడ, వాల్మీకి పేర్లు 1991 సవరణచే షెడ్యూల్డు తెగలలో చేరినవి. రాయలసీమ మైదానములలోని బోయలు వెనుకబడిన తరగతులలో నున్నారు. ఇరువురును చుట్టములు, పిల్లనిచ్చి పుచ్చుకొనువారు. గీత కీవలివానికొక హోదా, ఆవలివానికొక హోదా. కులము పుట్టుకతో వచ్చునది గాని పెండ్లితో వచ్చునది కాదు గావున, ఆలూరు తాలూకానుండి బళ్లారికి కోడలుగా వచ్చినది భర్త హోదాను పొందజాలదు.

అయినను వలస వచ్చినవాడు పూర్తిగా నిస్సహాయుడు కాడు. తన మూలరాష్ట్రపు పత్రము మూలరాష్ట్రమునందును, కేంద్రప్రభుత్వపు వ్యవహారములందును చెల్లును. రాష్ట్రముల పునర్విభజనచే తానున్న చోటనే రాష్ట్రము మారినవాని విషయము, స్వయముగా వలసపోయినవాని విషయమువంటిది కాదని 2003లో సర్వోన్నత న్యాయస్థానము పరిశీలించినది. మన తాతలలో పెక్కుమంది ఊరు మారలేదు. ఊరే రాష్ట్రము మారినది. కావున 1953కు పూర్వపు అడంగలు, పాఠశాల రిజిస్టరు, జనన నమోదు పత్రముల నకళ్లను భద్రపఱచుకొనుట ప్రతి కుటుంబమునకును అవసరము. రాజ్యాంగపు 371-జె అధికరణము క్రింద బళ్లారి ప్రాంతపు స్థానికులకు కలుగు విద్యోద్యోగ సౌకర్యములకును నివాసపు రుజువు ఇట్టి కాగితములే.

8. వాఙ్మూలపు భాష

తుదకు భాషను గూర్చి ఒక మాట. బళ్లారి న్యాయస్థానమున తెలుగు కూలి తెలుగున సాక్ష్యము చెప్పును; అది కన్నడమున గాని ఇంగ్లీషున గాని వ్రాయబడును. ఈ ప్రాంతపు న్యాయాధికారులు, వకీళ్లు పెక్కుమంది ఇరుభాషలు తెలిసినవారే. అయినను ‘లారీ మీదికి వచ్చినది’ అను మాట ‘మాపైకి దూసుకొని వచ్చినది’ అని వ్రాయబడునో, ‘మేము లారీ మీదికి పోతిమి’ అని వ్రాయబడునో, దానినిబట్టి అజాగ్రత్త యెవరిదను ప్రశ్న తేలిపోవచ్చును. వాఙ్మూలమును చదివించి విని, సరియని తోచిన పిదపనే వ్రేలిముద్ర వేయవలెను. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ఏ వ్యక్తియైనను తన కష్టనివారణకై రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషయందైనను అధికారికి విజ్ఞప్తి చేసికొనవచ్చును. వకీలు ఫీజునకు శక్తి లేదని వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు ఉచిత సహాయము నిచ్చుచున్నది. ప్రతి జిల్లాకేంద్రమునను ఆ కార్యాలయము కలదు.

9. ముగింపు

పై పరిశీలనమున తేలునది యిది. దెబ్బ తగిలినవాని పరిహారము సరిహద్దు దాటును. కులమును, స్థానికతను తెలుపు పత్రములు దాటవు. మొదటిదానిని దాటదని భ్రమించి వదలుకొనువారును, రెండవదానిని దాటునని నమ్మి చదువుల యేడు పోగొట్టుకొనువారును మన మధ్యనే యున్నారు. ఆ రెండు నష్టములును చట్టమువలన కలిగినవి కావు, చట్టము తెలియకపోవుటవలన కలిగినవి. భాషాభిమానముతో నెలకొన్న తెలుగు సంఘములు సభలకు, నాటకములకు తోడు, నెలకొక దినమున ఒక వకీలును, కన్నడము చదువనేర్చిన ఒక యువకుని కూర్చుండబెట్టి, సుగ్గికి వచ్చినవారి కాగితములను చదివి చెప్పించినయెడల, అంతకంటె భాషాసేవ వేఱొకటి యుండదు.